కుట్టుమిషన్ నుంచి తప్పించాలని పెట్టిన బడి

వలస వచ్చిన యూదు కుర్రాళ్లకు చేతిపనులు నేర్పడానికి న్యూయార్క్‌లో 1891లో మొదలైన బారన్ డి హిర్ష్ ట్రేడ్ స్కూల్ సంగతి తెలియాలంటే ముందు రష్యాకు వెళ్లాలి. 1881 మార్చిలో అక్కడి చక్రవర్తి జార్ రెండో అలెగ్జాండర్‌ను చంపేశారు. ఆ కుట్రలో ఒక యూదు యువతి ఉంది. ఆ సాకు చాలు, యూదుల ఇళ్లమీద, కొట్లమీద మూకలు పడ్డాయి. మరుసటి ఏడాది వచ్చిన ‘మే చట్టాలు’ పల్లెల్లో వాళ్లు కొత్తగా కాపురం పెట్టకుండా చేశాయి. అప్పటినుంచి 1914 దాకా సుమారు 20 లక్షల మంది యూదులు అమెరికా చేరారు.

చాలామంది దిగింది మన్‌హాటన్‌లోని లోయర్ ఈస్ట్ సైడ్‌లో. ఇరుకు గదిలో కుట్టుమిషన్లు, పొయ్యిమీద కాలుతున్న ఇస్త్రీపెట్టెలు, కుట్టినన్ని బట్టలకే కూలి. అంతకుముందే జర్మనీ నుంచి వచ్చి స్థిరపడిన యూదులకు వీళ్లను చూస్తే జాలీ వేసేది, టెన్షనూ పట్టుకునేది. తమనూ అదే గాటన కట్టేస్తారేమోనని. కొత్తవాళ్లకోసం వాళ్లు చేసిన దానధర్మాల వెనక ఈ భయం లేదనుకుంటే మన అమాయకత్వమే.

డబ్బు యూరప్ నుంచి వచ్చింది. రైల్వేల్లో కోట్లు గడించిన మారిస్ డి హిర్ష్‌కు ఒక్కగానొక్క కొడుకు 1887లో పోయాడు. రష్యాలోనే యూదు పిల్లలకు బడులు పెట్టిస్తానని 5 కోట్ల ఫ్రాంకులు ఇవ్వజూపాడు. పెత్తనమంతా తమకే కావాలని రష్యా సర్కారు పట్టుబట్టడంతో ఆ మాట అక్కడితో ఆగింది. తర్వాత అమెరికాలో ఆయన డబ్బు 24 లక్షల డాలర్లతో నిధి ఏర్పడింది. ఈ బడి పెట్టింది ఆ నిధే.

బడిలో వడ్రంగం, ప్లంబింగ్, కరెంటు పని, మిషన్ పని, ఇళ్లకు రంగులేయడం, బోర్డులు రాయడం నేర్పేవారు. తూర్పు యూరప్ యూదుల భాష యిడ్డిష్‌ను కుడినుంచి ఎడమకు రాసే కుర్రాడు కుంచె పట్టి ఇంగ్లిష్ అక్షరాలు దిద్దడం ఊహించుకోండి! కోర్సు మాత్రం ఐదున్నర నెలలే. మేస్త్రీ దగ్గర ఏళ్లు పట్టే పని అంతలో వస్తుందా? రాదు. కానీ సంపాదించే వయసు కొడుకు అంతకుమించి ఇంట్లో కూర్చుంటే అద్దె ఎవరు కడతారు? బయటికొచ్చాక కూడా సుఖం లేదు. ఇలాంటి బడుల్లో నేర్చినవాళ్లంటే కార్మిక సంఘాలకు గిట్టేది కాదు, కూలిరేట్లు పడిపోతాయని.

1924 వలస చట్టంతో వచ్చేవాళ్లే బాగా తగ్గిపోయారు. ప్రభుత్వ వృత్తి పాఠశాలలూ పెరిగాయి. 1935లో బడి మూతపడింది. అప్పటికి లోయర్ ఈస్ట్ సైడ్ దర్జీల కొడుకులు న్యూయార్క్‌లోనే ఉన్న, ఫీజు లేని సిటీ కాలేజీ బాట పట్టి చాలా ఏళ్లయింది.