సూడోమెట్రిక్ నుంచి మెట్రిక్: అపోహలు - వాస్తవాలు

ఎమ్మెస్సీ మ్యాథ్స్ పేపర్లు దిద్దిన ప్రతిసారీ ఇదే ప్రశ్న, ఇదే ఆన్సరు. ప్రశ్నేంటంటే, సూడోమెట్రిక్ (వేర్వేరు పాయింట్ల మధ్య కూడా సున్నా రాగల దూరం) నుంచి మెట్రిక్ (ఒకే పాయింటైతేనే సున్నా వచ్చే దూరం) తయారుచేయండి అని. సిమెట్రీ (ఎటు నుంచి కొలిచినా దూరం ఒకటే) ఉంది, ట్రయాంగిల్ ఇనీక్వాలిటీ (మధ్యలో ఇంకో పాయింటు మీదుగా వెళ్తే దూరం తగ్గదు) ఉంది అని పేజీన్నర రాసి చివర్లో బాక్సు కూడా గీస్తారు, అసలు మార్కులున్న లైను మాత్రం ఉండదు.

అపోహ: దూరం సున్నా ఉన్నవన్నీ ఒక ఈక్వివలెన్స్ క్లాసులో (ఒకటిగా లెక్కేసే గుంపులో) వేసి, ఎ ఉన్న క్లాసుకీ బి ఉన్న క్లాసుకీ మధ్య దూరం డి(ఎ, బి), అంటే ఎ నుంచి బికి దూరం, అనేస్తే పనైపోయింది.

వాస్తవం: అవ్వలేదు. క్లాసులో ఎ ఒక్కటే లేదు కదా! నువ్వు ఎ నుంచి కొలిచావు, పక్కనోడు అదే క్లాసులోంచి ఎ′ తీసుకుని కొలిచాడు, ఇద్దరికీ ఒకే నంబరు రావాలని ఎక్కడుంది? అది చూపించడమే వెల్ డిఫైన్డ్ అంటే.

మా అపార్ట్‌మెంట్‌లో 102, 202, 302, 402, 502 ఒకదాని మీద ఒకటి ఉంటాయి. మొన్న బిర్యానీ తెచ్చినబ్బాయి కింద నిలబడి "వచ్చేశా మేడం, మ్యాప్‌లో ఇక్కడే చూపిస్తోంది" అంటాడు, మేమేమో 502, లిఫ్టేమో పాడైంది. మ్యాపు ఎత్తు లెక్కపెట్టదు, దానికి ఐదు ఫ్లాట్ల మధ్యా దూరం సున్నా, అంటే సూడోమెట్రిక్కే. ఐదూ కలిపి ఒక క్లాసు. సందు చివర కిరాణా కొట్టుకి ఏ ఫ్లాట్ నుంచి కొలిచినా మ్యాపు దూరం ఒకటే, కాబట్టి ఆ దూరం క్లాసుకి చెప్పొచ్చు. అదే "ఏ అంతస్తు?" అంటే 102 వాళ్లు ఒకటంటారు, మేం ఐదంటాం, కాబట్టి క్లాసుకి అంతస్తనేది లేదు.

బి క్లాసులోంచి తీసుకున్న ఇంకోదాన్ని బి′ అంటే, రాయాల్సింది ఇంతే: డి(ఎ, బి) ≤ డి(ఎ, ఎ′) + డి(ఎ′, బి′) + డి(బి′, బి). మొదటిదీ చివరిదీ సున్నాలు, మిగిలింది డి(ఎ′, బి′). ప్రైములు అటూ ఇటూ మార్చి ఇంకోసారి రాస్తే రెండో వైపు కూడా వచ్చి రెండూ సమానం అయిపోతాయి. దీనికోసం ఎన్ని మార్కులు పోగొట్టుకుంటారో!

నేనేం తక్కువ తిన్లేదు లెండి. నా వైవాలో ఎల్-వన్ స్పేస్‌లో (అక్కడ రెండు ఫంక్షన్ల మధ్య దూరమంటే వాటి తేడా పరిమాణానికి ఇంటిగ్రల్, అది సున్నా అయితే ఒకే క్లాసు) ఒక ఫంక్షన్ తీసుకుని "0.5 దగ్గర దీని విలువ" అని మొదలెట్టా, ఎగ్జామినర్ ఆపి "క్లాసులో ఎవరి విలువమ్మా?" అన్నారు. ఒక్క పాయింటు దగ్గర విలువ మారిస్తే ఇంటిగ్రల్ మారదు, క్లాసూ మారదు, మరి ఆ విలువకి అర్థమేముంది? నోరు పెగల్లేదు. అక్కడ నేనడిగింది అంతస్తే.

మిగతావి గబగబా. క్లాసుల మధ్య దూరానికి ఇన్ఫిమమ్ (వచ్చే దూరాలన్నిటికీ కింది హద్దుల్లో పెద్దది) తీసుకోవాలంటారు, అన్నీ ఒకే నంబరైతే ఇన్ఫిమమ్ ఎందుకు? ప్రతి క్లాసుకీ ఒక ప్రతినిధిని ఎంచుకోవాలి, యాక్సియం ఆఫ్ చాయిస్ (ఎన్ని క్లాసులున్నా ఒక్కోదాంట్లోంచి ఒకటి ఎంచుకోవచ్చనే సూత్రం) కావాలి అంటారు, అక్కర్లేదు. ఇదంతా పరీక్ష కోసమే అనేవాళ్లకి, 1872లో గణితవేత్త కాంటర్ రేషనల్స్ (భిన్నాల) కోషీ సీక్వెన్సుల నుంచి, అంటే పోనుపోను పదాల మధ్య దూరం సున్నాకి దగ్గరయ్యే వరసల నుంచి, రియల్ నంబర్లు కట్టింది ఈ పద్ధతిలోనే, తేడా సున్నాకి వెళ్తే రెండు సీక్వెన్సులూ ఒకే నంబరు. 0.9, 0.99, 0.999… అనేదీ 1, 1, 1… అనేదీ అలా ఒకటయ్యాయి.

పరీక్ష ముందు రాత్రి ఒకమ్మాయి మెసేజ్ పెట్టింది, "మేడం, పాయింట్లు కలిపేస్తే ఓపెన్ సెట్లు పాడైపోవా?" అని. పాపం భయపడి అడిగింది గానీ మంచి డౌటు. పాడవ్వవు. ఓపెన్ సెట్‌లో ఎ ఉంటే ఎ చుట్టూ ఒక బాల్ (ఎ నుంచి ఏదో ఒక పాజిటివ్ దూరం కంటే దగ్గరున్న పాయింట్లన్నీ) ఆ సెట్ లోపలే ఉంటుంది, సున్నా దూరంలో ఉన్నవన్నీ ఆ బాల్‌లోనే ఉంటాయి, అంటే క్లాసు మొత్తం ముందే లోపలుంది. ఓపెన్ సెట్ ఏ క్లాసునీ సగానికి కోయదు.