మొక్కజొన్నకు ఆ పది రోజులు

కిందటి వానాకాలం నంద్యాల దగ్గర మా పెద్దనాయన చేలో ఒక కంకి విరిచి పొట్టు వలిచాను. అడుగున గింజలు ఒత్తుగా ఉన్నాయి. సగం దాటాక అక్కడొకటి, ఇక్కడొకటి. కొసకు పోయేసరికి ఉత్త బెండు. "ఎరువుకేం తక్కువ జేస్తిమి నాయనా, గింజ యాడికి పాయె?" అన్నాడాయన.

జవాబు కంకి పీచులో ఉంది. ఒక్కో పీచుపోగు ఒక్కో గింజది. మొక్క కొసన ఉండే మగపూతను జల్లు అంటారు. ఆ జల్లు నుంచి రాలే పుప్పొడి ఆ పోగుకు అంటుకుని, దాని లోపలి నుంచే కిందికి దిగితే అక్కడ గింజ కడుతుంది. జల్లు పుప్పొడి రాల్చేది ఓ వారం రోజులే. పీచు సాగాలంటే నీళ్లు కావాలి. బెట్ట తగిలితే జల్లు తన వేళకు వచ్చేస్తుంది, పీచు వెనకబడుతుంది. అడుగు గింజల పోగులు ముందు బయటపడతాయి, కొసవి చివరన. అవి వచ్చేసరికి పుప్పొడి అయిపోయి ఉంటుంది. ఎండ 38 డిగ్రీలు దాటితే ఆ పుప్పొడి కూడా చచ్చిపోతుంది.

అందుకే మొక్కజొన్న రైతుకు ఏడాది వాన లెక్క ఒక్కటే చాలదు. అనంతపురంలో ఏటా పడేది 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అది రెండు కుంభవృష్టుల్లో పడి, పూత వేళ పది రోజులు మొహం చాటేస్తే, లెక్క సరిపోయినా కంకి బోసిపోతుంది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. కురిస్తే ఒక్కసారిగా కుమ్మరిస్తుంది, కురవని రోజుల్లో ఆకు నుంచీ నేల నుంచీ తడిని మరింత గుంజుకుంటుంది.

వానను మనం ఆపలేం, రప్పించలేం. పడిన వానను ఆ పది రోజుల దాకా నేలలో దాచుకోవచ్చు. నేలను కాపాడుకునే సేద్యమంటే నాకు అర్థమైంది ఇదే. ఎకరాలో ఒక్క సెంటీమీటరు నీరు ఇంకితే అది 40 వేల లీటర్లు. మన ఎర్రనేల మీద చినుకు నేరుగా పడితే మెత్తటి మట్టి చెదిరి సందులు పూడుకుపోతాయి, ఆరితే పైన పెచ్చు కడుతుంది. తర్వాతి వాన ఇంకదు, వంకలో కలుస్తుంది. నేల మీద చొప్ప పరిచి ఉంటే చినుకు దెబ్బ దాని మీద పడుతుంది, నీరు మెల్లగా కిందికి దిగుతుంది.

దున్నకపోవడం రెండో సంగతి. పాత వేళ్లు కుళ్లిన సందులు, వానపాముల బొక్కలు నీటికి దారులు. రోటవేటర్ వాటిని నుగ్గు చేస్తుంది, మట్టిలోకి గాలి జొరబడి సూక్ష్మజీవులు నేలలో ఉన్న కాస్త సేంద్రియ కర్బనాన్నీ తినేస్తాయి. 0.5 శాతం లోపు కర్బనమున్న నేలను భూసార పరీక్షలో తక్కువ కిందే కడతారు. సీమ మెట్టభూములు చాలావరకు అక్కడే ఉన్నాయి. మూడోది కందితో కలిపి వేయడం, పంట మార్చడం. అది మా పెద్దలకు కొత్త కాదు.

అసలు చిక్కు చొప్ప దగ్గరే. పెద్దనాయనకు రెండు ఎనుములున్నాయి. కోతయ్యాక చేలలోకి గొర్రెల మందలు దిగుతాయి. మేతను నేలకు వదిలేయమని ఎవరికైనా ఎట్లా చెప్తాం? దున్నకపోతే కలుపూ పెరుగుతుంది, మొదటి ఏళ్లలో కూలి ఖర్చు తప్పదు. ఇవి దాచి, లాభాలే చెప్పడం రైతుకు అన్యాయం. ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో అనంతపురం రైతులు వానలకు ముందే, మట్టి పూత పట్టించిన నవధాన్యాల విత్తనాలు పొడినేలలో చల్లుతున్నారు. ఏ చిన్న వానకో మొలిచి అవి నేలను కప్పుతాయి, కొంత పచ్చిమేతా ఇస్తాయి. చొప్ప మీద బరువు తగ్గించే దారి నాకు ఇందులో కనిపించింది.

ఆ కంకి చూశాక పెద్దనాయన రెండెకరాల్లో చొప్పను మోకాటి ఎత్తున వదిలి పైది కోయించాడు. పైది ఎనుములకు, కిందిది నేలకు. మిగతా మూడెకరాలు ఎప్పటిలాగే దున్నించాడు, పక్కపక్కన పెట్టి చూద్దామని. మొన్న వేసవి వాన పడిన మూడో రోజు పోయి చూశాను. దున్నిన చేలో పెచ్చు లేచి, వేలు పెడితే గోరు నొప్పెట్టింది. ఇవతల వాలిన చొప్ప ఎత్తి చూస్తే వేలు రెండో కణుపు దాకా దిగింది, చల్లటి మట్టి అంటుకునే బయటికొచ్చింది. ఆయన కూడా వేలు పెట్టి చూశాడు. మృగశిర కార్తెకు ఆ రెండెకరాల్లో నాగలి దిగదు, విత్తనమే దిగుతుంది.