హెచ్‌ఐవీ జన్యువులు, మన కణాలు: అపోహలు - వాస్తవాలు

హెచ్‌ఐవీ-1 జన్యుపదార్థం తొమ్మిది వేలకు పైగా న్యూక్లియోటైడ్ల (జన్యు అక్షరాల) పొడవున్న ఆర్‌ఎన్‌ఏ. అందులో ఉన్నవి తొమ్మిది జన్యువులే. ఇవి మన కణంలో ఏం చేస్తాయన్న విషయంలో, ఈ రంగంలో పనిచేసే నాకు తరచుగా ఎదురయ్యే అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: వైరస్ రేణువు లోపలి నిర్మాణాన్ని, ఎంజైములను, పైపొర ప్రోటీన్లను ఇచ్చే గ్యాగ్, పోల్, ఎన్వ్ జన్యువులు ఉంటే చాలు, మిగిలిన చిన్న జన్యువులు లేకపోయినా వైరస్‌కు లోటు లేదు.

వాస్తవం: ఏ కణంలో చూస్తున్నామో చెప్పకుండా ఒక జన్యువు అవసరమా కాదా అని తేల్చడం సరికాదు. ఆ చిన్న జన్యువుల్లో ఒకటైన విఫ్‌ను తొలగించిన వైరస్‌ను సప్-టీ1 వంటి ప్రయోగశాల కణాల్లో పెంచితే ఏ ఇబ్బందీ లేకుండా వృద్ధి చెందుతుంది. అదే వైరస్ దాతల రక్తం నుంచి వేరుచేసిన టీ కణాల్లో (రోగనిరోధక వ్యవస్థకు చెందిన తెల్ల రక్తకణాల్లో) సోకినప్పుడు కొత్త రేణువులైతే వెలువడతాయి గాని, అవి తరువాతి కణంలో నిలదొక్కుకోలేవు. దీనికి కారణం ఆ టీ కణాల్లో ఉండే అపోబెక్3జీ అనే ప్రోటీన్ అని 2002లో తేలింది. అది వైరస్ రేణువులోకి చేరి, తరువాతి కణంలో ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏ తయారవుతున్న సమయంలో కొత్త పోగులోని సైటోసిన్ అనే అక్షరాలను యురాసిల్ అనే వేరే అక్షరాలుగా మార్చివేయడం వల్ల, వైరస్ జన్యుపదార్థం నిండా పనికిరాని మార్పులు పేరుకుపోతాయి. విఫ్ ప్రోటీన్ ఉన్నప్పుడు అది అపోబెక్3జీకి యుబిక్విటిన్ అనే గుర్తును తగిలింపజేసి, కణంలో ప్రోటీన్లను ముక్కలు చేసే ప్రోటియాజోమ్ చేతనే దానిని ధ్వంసం చేయిస్తుంది. ఇదే తరహాలో మరో చిన్న జన్యువు వీపీయూ నుంచి వచ్చే ప్రోటీన్, కొత్త రేణువులను కణపొరకు కట్టిపడేసే టెథరిన్ అనే మన ప్రోటీన్‌ను అడ్డుకుంటుంది. ఈ చిన్న జన్యువులను మన కణాల రక్షణ వ్యవస్థకు వైరస్ ఇచ్చిన జవాబులుగా చూడాలన్నది నా అభిప్రాయం.

అపోహ: వైరస్ తన ప్రతులను సొంత ఎంజైములతోనే రాసుకుంటుంది.

వాస్తవం: వైరస్ సొంత ఎంజైము రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ చేసేది ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏ తయారీ వరకే. ఆ డీఎన్‌ఏ మన క్రోమోజోములో చేరిన తరువాత, వైరస్ ఆర్‌ఎన్‌ఏను రాసేది మన కణంలోని ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్-2 అనే ఎంజైము. వైరస్ తయారుచేసే టాట్ ప్రోటీన్ లేకపోతే ఆ ఎంజైము మొదలుపెట్టిన చోటికి కొద్ది దూరంలోనే ఆగిపోతుంది. కొత్తగా పుడుతున్న ఆర్‌ఎన్‌ఏ మొదట్లో ఉండే టార్ అనే మడతను టాట్ పట్టుకొని, కణంలోని సైక్లిన్ టీ1, సీడీకే9 ప్రోటీన్లను అక్కడికి రప్పించాకే పూర్తి పొడవు ఆర్‌ఎన్‌ఏ వస్తుంది. మనిషి సైక్లిన్ టీ1లో 261వ స్థానంలో సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఉంటే, చిట్టెలుకలో టైరోసిన్ ఉంటుంది. ఆ ఒక్క తేడా చాలు, చిట్టెలుక కణంలో టాట్ సరిగా పనిచేయకపోవడానికి.

అపోహ: నెఫ్ అనే మరో చిన్న జన్యువును తీసేస్తే వైరస్ నిరపాయకరమవుతుంది, దానిని టీకాగా ఇవ్వవచ్చు.

వాస్తవం: నాకు అన్నిటికన్నా ప్రమాదకరంగా తోచే అపోహ ఇదే. ఆస్ట్రేలియాలో ఒక రక్తదాత నుంచి నెఫ్ లోపించిన వైరస్ సోకిన వారిలో వ్యాధి చాలా నెమ్మదిగా సాగిందని 1995లో వెల్లడైనప్పుడు ఆశలు చిగురించిన మాట నిజమే. కాని కాలక్రమంలో వారిలో కొందరికి సీడీ4 కణాలు (హెచ్‌ఐవీ దాడి చేసే టీ కణాలు) తగ్గాయి. నెఫ్‌తో పాటు మరికొన్ని భాగాలు తొలగించిన కోతుల వైరస్, పిల్ల మకాక్ కోతులలో ఎయిడ్స్‌ను కలిగించింది.

అపోహ: రక్తంలో వైరస్ కనిపించకపోతే దాని జన్యువులు శరీరం నుంచి పోయినట్లే.

వాస్తవం: వాడుకలో ఉన్న మందులు ఎక్కువ భాగం పోల్ నుంచి వచ్చే మూడు ఎంజైములను అడ్డుకుంటాయి. వాటివల్ల వైరస్ కనిపించని స్థాయిలో నిలిచి ఉన్న వ్యక్తి నుంచి లైంగికంగా ఇతరులకు సోకదు. కాని క్రోమోజోములో ఇప్పటికే చేరిపోయిన వైరస్ డీఎన్‌ఏను ఆ మందులు తొలగించలేవు. చికిత్సలో ఉన్నవారిలో అలాంటి డీఎన్‌ఏలో 90 శాతానికి పైగా లోపభూయిష్టమైనదే అయినా, చెక్కుచెదరని కొద్ది ప్రతులు విశ్రాంత స్థితిలోని టీ కణాల్లో మిగిలి ఉంటాయి. అలాంటి కణాల్లో సైక్లిన్ టీ1 తక్కువగా ఉండటం, టాట్ చాలినంత తయారుకాకపోవడం వల్ల అవి ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండిపోతాయి. కణం మళ్లీ ఉత్తేజితమైతే టాట్ తయారీ మొదలవుతుంది. ఆ సమయానికి మందులు ఆపివేసి ఉంటే, చాలామందిలో కొద్ది వారాల్లోనే వైరస్ తిరిగి రక్తంలో కనిపిస్తుంది.