శనక్కాయ పొట్టు బొగ్గు: ల్యాబ్‌లో పాసు, బజారులో ఫెయిలు

అనంతపురం జిల్లాలో శనక్కాయ మిల్లుల పక్కన పొట్టు గుట్టలు చూడనివాళ్లు ఉండరు. కాయ బరువులో పావు వంతుకు పైగా పొట్టే. చాలావరకు బాయిలర్లకో ఇటుక బట్టీలకో పోతుంది. 'దీంతో యాక్టివేటెడ్ కార్బన్ (లోపల సన్నని రంధ్రాలు పెంచిన బొగ్గు) చేస్తే పోలా' అన్న ఆలోచన మాత్రం కాలేజీ ప్రాజెక్టుల్లో మళ్లీ మళ్లీ తలెత్తుతూనే ఉంటుంది. రిపోర్టులో అంకెలు కూడా బాగానే ఉంటాయి. అయినా బజారులో పేరున్నది కొబ్బరి చిప్ప బొగ్గుకే. ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

1773లో స్వీడన్ రసాయనవేత్త షీలే ఎండిన బొగ్గుపొడిని ఒక గాజు బుడ్డిలో పోసి, దాని మూతికి తిత్తి కట్టి కాల్చాడు. బొగ్గులోంచి గాలి బయటికొచ్చి తిత్తి ఉబ్బింది. చల్లారనిస్తే ఆ గాలి తిరిగి బొగ్గులోకే పోయింది. మళ్లీ కాలిస్తే మళ్లీ వచ్చింది. వాయువు బొగ్గు గోడలకు అంటుకుంటోంది, వేడి తగిలితే వదులుతోంది. దీన్నే అధిశోషణం అంటున్నాం. 1785లో లోవిట్జ్ అనే రసాయనవేత్త ద్రావణాల రంగును బొగ్గు లాగేస్తుందని గమనించాడు. చక్కెర తయారీదారులకు అది బాగా పనికొచ్చింది.

మామూలు బొగ్గులో రంధ్రాలు తక్కువ. వాటిని పెంచే పద్ధతులకు 1900 ప్రాంతంలో ఆస్ట్రేకో అనే రసాయనవేత్త పేటెంట్లు తీసుకున్నాడు. ఎర్రగా కాలే బొగ్గు మీదికి ఆవిరి పంపితే అది కార్బన్‌ను కొంచెం కొంచెంగా కొరికి లోపల సందులు చేస్తుంది. దీనికి మూల్యం బరువే. పొట్టును గాలి తగలకుండా కాలిస్తే మూడో వంతు అటూ ఇటుగా బొగ్గు మిగులుతుంది, ఆవిరి అందులోంచీ ఇంకొంత తినేస్తుంది.

అసలు మలుపు మొదటి ప్రపంచ యుద్ధం. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం క్లోరిన్ విషవాయువు వదిలింది. అదే ఏడాది రష్యాలో జెలిన్‌స్కీ బొగ్గు మాస్కు తయారుచేశాడు. అమెరికాలో కొబ్బరి చిప్పలు చాలక జనం దగ్గర పీచ్ పండ్ల టెంకలు కూడా సేకరించారు. టెంకే ఎందుకు? గట్టిది కాబట్టి. మాస్కు డబ్బాలో కుదుపులకు నలిగి పొడైపోయే బొగ్గుతో గాలి పీల్చడమే కష్టం. మన కథకు కీలకం ఇదే.

1938లో బ్రునావర్, ఎమెట్, టెల్లర్ కలిసి రంధ్రాల లోపలి వైశాల్యం కొలిచే దారి చూపించారు. ముందు నమూనాను శూన్యంలో వేడిచేసి పాత వాయువులన్నీ తరిమేస్తారు. తర్వాత అది ఉన్న గొట్టాన్ని మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచి, నైట్రోజన్ వాయువును కొద్దికొద్దిగా వదులుతారు. ఒక్కో అణువు సుమారు 0.162 చదరపు నానోమీటర్ల చోటు ఆక్రమిస్తుంది. గోడలను ఒక పొరగా కప్పడానికి ఎన్ని అణువులు పట్టాయో లెక్కిస్తే వైశాల్యం తేలుతుంది. మంచి కార్బన్‌లో గ్రాముకు 1000 చదరపు మీటర్లు దాటడం మామూలే. అంటే చిటికెడు బొగ్గులో 25 సెంట్ల చేను.

ప్రాజెక్టు రిపోర్టుల్లో మెరిసేది ఈ అంకే. జాగ్రత్తగా చేస్తే శనక్కాయ పొట్టుకూ అది వస్తుంది. కానీ పొట్టు తేలిక, మెత్తన. దాని బొగ్గు చేత్తో నలిపితే పిండి అవుతుంది. గ్యాస్ ఫిల్టర్లకు కావలసిన గట్టి పలుకులు రావాలంటే జిగురు కలిపి గుళికలు కట్టాలి, అదో ఖర్చు. పైగా లారీ నిండా పొట్టు వేసినా తూకానికి వచ్చేది కొంచెమే, కాబట్టి దూరం మోస్తే గిట్టదు. రంగు నీళ్ల శుద్ధి లాంటి, పొడి సరిపోయే పనులకైతే ఆశ ఉంది. నా మటుకు ప్రాజెక్టు రిపోర్టులో వైశాల్యం పక్కనే నలుగుడు పరీక్ష ఫలితం కూడా ఉండాలి.

ఇంకో అపోహ. 'ఈ బొగ్గుతో మన బోరు నీళ్లలో ఫ్లోరైడ్ పోతుంది' అని కొందరు అంటుంటారు. మామూలు యాక్టివేటెడ్ కార్బన్‌కు ఫ్లోరైడ్ మీద పట్టు చాలా తక్కువ. దానికి యాక్టివేటెడ్ అల్యూమినా (రంధ్రాలున్న అల్యూమినియం ఆక్సైడ్), ఎముకల బొగ్గు, లేదా ఆర్ఓ ఉండాలి. ఎముకల బొగ్గులోనూ ఆ పని చేసేది కార్బన్ కాదు, కాల్షియం ఫాస్ఫేట్.