కండోమ్ ప్యాకెట్ వెనకవైపు ఏముంది?

కండోమ్ కొనేటప్పుడు చాలామంది ప్యాకెట్ ముందువైపే చూస్తారు. ఫ్లేవర్, చుక్కలు, 'అల్ట్రా థిన్' అన్న పెద్ద అక్షరాలు అక్కడే కనిపిస్తాయి. అసలు చూడాల్సినవన్నీ వెనకాల చిన్న అక్షరాల్లో ఉంటాయి. మొహమాటంతో గబగబా జేబులో వేసుకుని వచ్చేస్తాం కాబట్టి వాటిని ఎవరూ చదవరు. చదవాలి.

ముందు ఒక లెక్క చూద్దాం. గర్భం రాకుండా కండోమ్‌నే నమ్ముకున్న 100 జంటలు ప్రతిసారీ, ఏ తప్పూ లేకుండా వాడితే ఏడాదిలో దాదాపు ఇద్దరికి గర్భం వస్తుంది. జనం మామూలుగా వాడే తీరులో అది 13 మందికి. ఈ తేడాలో ఎక్కువ భాగం మన చేతిలో ఉన్నదే.

ఎందుకంటే ఫ్యాక్టరీలో పరీక్షలు గట్టిగానే జరుగుతాయి. ప్రతి కండోమ్‌నూ లోహపు అచ్చుకు తొడిగి కరెంటుతో పరీక్షిస్తారు. రబ్బరు కరెంటును పోనివ్వదు, పోయిందంటే రంధ్రం ఉన్నట్టే. కొన్నింటిని తీసి 300 మిల్లీలీటర్ల నీళ్లు పోసి చూస్తారు, మరికొన్నింటిని పగిలేదాకా గాలితో ఉబ్బిస్తారు. సాధారణ సైజు కండోమ్ కనీసం 18 లీటర్ల గాలిని తట్టుకోవాలి. పలచటివీ ఈ పరీక్షలు దాటాల్సిందే, కాబట్టి పలచగా ఉంటే చిరిగిపోతుందన్న భయం అక్కర్లేదు. ప్యాకెట్ మీద 'ఐఎస్‌ఓ 4074' అని ఉంటే అది లేటెక్స్ కండోమ్‌లకున్న అంతర్జాతీయ ప్రమాణం.

తర్వాత చూడాల్సింది దేంతో చేశారన్నది. ఎక్కువగా దొరికేది లేటెక్స్, అంటే సహజ రబ్బరు. అది పడక దురద, వాపు వచ్చేవాళ్లకు పాలీఐసోప్రీన్, పాలీయురేథేన్ రకాలున్నాయి. గొర్రె పేగు పొరతో చేసినవి మాత్రం వ్యాధుల్ని ఆపవు. ఆ పొరలో సహజంగానే సూక్ష్మ రంధ్రాలుంటాయి. వాటిలోంచి వీర్యకణం దూరలేదు. దాని తల వెడల్పే దాదాపు 3 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). హెచ్‌ఐవీ వైరస్ సుమారు 0.1 మైక్రాన్, హెపటైటిస్-బి ఇంకా చిన్నది. అవి సులభంగా దాటిపోగలవు.

లేటెక్స్‌కు పెద్ద శత్రువు నూనె. రబ్బరు పొడవాటి హైడ్రోకార్బన్ గొలుసులతో తయారవుతుంది. నూనె అణువులదీ అదే జాతి కాబట్టి ఆ గొలుసుల మధ్యకు చొరబడి వాటిని విడదీస్తాయి. రబ్బరు ఉబ్బి, మెత్తబడి, బలం కోల్పోతుంది. ఇది గంటల్లో కాదు, నిమిషాల్లో జరిగిపోతుంది. ప్రయోగశాలలో మినరల్ ఆయిల్ తగిలిన 60 సెకన్లకే లేటెక్స్ కండోమ్‌లు బలంలో 90 శాతం దాకా పోగొట్టుకున్నాయి. పైకి చూస్తే ఏ మార్పూ కనపడదు, అదే ప్రమాదం. పెట్రోలియం జెల్లీ, బేబీ ఆయిల్, బాడీ లోషన్, వంటనూనె ఏవీ పనికిరావు. నీటితోనో సిలికాన్‌తోనో చేసిన జెల్ వాడాలి. పాలీఐసోప్రీన్‌కీ ఇదే నియమం.

నోనాక్సినాల్-9 అనే వీర్యకణ నాశిని పూసిన కండోమ్‌లు వద్దు. అది శరీరం లోపలి సున్నితమైన పొరల్ని గాయపరుస్తుంది, మాటిమాటికీ వాడితే హెచ్‌ఐవీ సోకే అవకాశం పెరుగుతుంది.

సైజు గురించి అడగడానికి సిగ్గుపడాల్సిన పని లేదు. ప్యాకెట్ మీద ఉండే 52, 54 వంటి అంకెలు కండోమ్‌ను బల్లపరుపుగా పరిచినప్పటి వెడల్పు, మిల్లీమీటర్లలో. అంగం చుట్టుకొలతలో సగం కన్నా కొన్ని మిల్లీమీటర్లు తక్కువున్నది చూసుకోండి. మరీ బిగుతైతే చిరుగుతుంది, వదులైతే జారిపోతుంది.

గడువు తేదీ దాటినదీ, పర్సులోనో కారులోనో నెలల తరబడి వేడికి, రాపిడికి నలిగినదీ పారేయండి. చింపేముందు ప్యాకెట్‌ను వేళ్లతో నొక్కితే లోపలి గాలి మెత్తగా తగలాలి. తగల్లేదంటే ఎక్కడో లీకైనట్టే.

ఎంత మంచి కండోమ్ అయినా తాను కప్పిన మేరకే కాపాడుతుంది. పుండ్లు తెచ్చే హెర్పిస్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్‌లు చర్మం తగిలినా సోకుతాయి కాబట్టి వాటి విషయంలో రక్షణ కొంతవరకే. హెచ్‌పీవీకి టీకా ఉంది.

ఒకవేళ చిరిగిందా, టెన్షన్‌తో రోజులు గడపకండి. గర్భం రాకుండా వేసుకునే అత్యవసర మాత్రలు 5 రోజుల లోపు పనిచేస్తాయి, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. హెచ్‌ఐవీ అనుమానం ఉంటే 72 గంటల్లోపు మందులు మొదలుపెట్టాలి. ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పండి.