కాపలా కాసినవాడిదేనా సొత్తు?

ఏథెన్స్‌లోని పార్థెనాన్ గుడి శిల్పాలు గ్రీసువా, వాటిని ఉంచుకున్న లండన్ బ్రిటిష్ మ్యూజియంవా అన్న తగాదా రేగిన ప్రతిసారీ కథను 1801లో, బ్రిటిష్ రాయబారి లార్డ్ ఎల్గిన్ మనుషులు ఆ శిల్పాలను ఊడదీయడం దగ్గరే మొదలుపెడతారు. అసలు ముడి ఆ గుడి కట్టించిన సేనాని పెరిక్లిస్ కాలంలోనే పడింది.

పర్షియన్ల దండయాత్రలను గ్రీకులు తిప్పికొట్టిన తర్వాతి కాలం అది. చూడాల్సింది క్రీ.పూ. 454. పర్షియా మళ్లీ దండెత్తితే పనికొస్తుందని ఏజియన్ తీరపు నగరాలు ఏటా చందాలు వేసి డెలోస్ ద్వీపంలో దాచుకున్న ఉమ్మడి ఖజానా ఆ ఏడు ఏథెన్స్‌కు చేరింది. డెలోస్‌లో భద్రం లేదన్నది చూపిన కారణం. ఏడేళ్లకు పార్థెనాన్ పని మొదలైంది.

దీన్ని ఏథెన్స్ వాళ్లే నిలదీశారు. పెరిక్లిస్ ప్రత్యర్థి, మెలీసియాస్ కొడుకు థ్యూసిడైడిస్ (అదే పేరున్న చరిత్రకారుడు వేరు) పక్షం వాదన తర్వాతి కాలపు గ్రీకు రచయిత ప్లూటార్క్ రాతల్లో మిగిలింది: యుద్ధానికని ఇచ్చిన సొమ్ముతో, సోకులాడికి నగలు దిగేసినట్టు, మన ఊరిని విగ్రహాలతో, వేల టాలెంట్ల (టాలెంట్ అంటే పెద్ద వెండి తూకం) గుళ్లతో సింగారిస్తున్నాం, గ్రీకులందరికీ ఇది అవమానం. లాభం తమ ఊరికే వస్తున్నా తప్పును తప్పన్న మనుషులు వీళ్లు.

పెరిక్లిస్ జవాబు పొట్టిది. చందా వేసిన నగరాలు గుర్రం ఇవ్వలేదు, ఓడ ఇవ్వలేదు, డబ్బే ఇచ్చాయి; మనం వాళ్లను కాపాడుతున్నంతకాలం లెక్క చెప్పనక్కర్లేదు. క్రీ.పూ. 443 ప్రాంతంలో జనం కుండపెంకుల మీద పేర్లు గీకి థ్యూసిడైడిస్‌ను పదేళ్లు వెలివేశారు. 440లో ఆ కూటమిలోని సమోస్ ద్వీపం ఎదురుతిరిగితే పెరిక్లిస్ స్వయంగా ఓడలతో వెళ్లి ముట్టడించాడు. కోటగోడలు కూల్పించి, యుద్ధం ఖర్చు కూడా ఓడినవాళ్ల చేతే కట్టించాడు. ఒకసారి పదవి ఊడి జరిమానా పడినా, 429లో మహమ్మారి వాతపడే నాటికి మళ్లీ సేనానిగానే ఉన్నాడు.

ఇప్పుడు లండన్ నోట వినిపించేదీ ఆ కాపలా మాటే. ఎల్గిన్ తీసుకురాకపోతే నాశనమయ్యేవంటారు. 1816లో 35,000 పౌండ్లకు కొన్నామంటారు. ఇచ్చేయడానికి 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం ఒప్పుకోదంటారు. అమరావతి స్తూపం శిల్పాలు కూడా అదే బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి కాబట్టి ఈ జవాబు మనకూ పట్టనిది కాదు.

ఆ కాపలాలోనే, 1930ల చివర్లో, పార్థెనాన్ శిల్పాలను తెల్లగా మెరిపించాలని పనివాళ్లు రాగి ఉలులతో గీకారు. పాలరాతి పైపొర కొన్నిచోట్ల లేచిపోయింది.