పీటూపీ లెండింగ్: రూపాయి వడ్డీ వస్తుందని డబ్బు పెట్టేముందు (అపోహలు - వాస్తవాలు)

పీటూపీ అంటే బ్యాంకు లేకుండా, ఆన్‌లైన్‌లో ఒక మనిషి ఇంకో మనిషికి నేరుగా అప్పు ఇవ్వడం. అలా అప్పు కుదిర్చే ప్లాట్‌ఫామ్‌లో అప్పు అప్లికేషన్లు చూసే పని నాది. చుట్టాలు, ఫ్రెండ్స్ తిప్పి తిప్పి ఇవే అడుగుతున్నారు, అందుకే రాస్తున్నా.

అపోహ: ఆర్‌బీఐ లైసెన్స్ ఉందిగా, ఎఫ్‌డీ లాంటిదే.

కాదండీ. 2017లో ఆర్‌బీఐ రూల్స్ తెచ్చింది, లైసెన్స్ తప్పనిసరి, కానీ అది మధ్యలో ఉండి అప్పు కుదర్చడానికి ఇచ్చిన లైసెన్స్, మీ డబ్బుకి హామీ కాదు. అప్పు ఇచ్చేది కంపెనీ కాదు, మీరే. ఊళ్ళో నోటు రాయించుకుని రూపాయి వడ్డీకి ఇచ్చినట్టే, కాకపోతే తీసుకునే మనిషెవరో మీకు తెలీదు, అతను కట్టకపోతే పోయేది మీ అసలే. బ్యాంకు డిపాజిట్లకుండే 5 లక్షల ఇన్సూరెన్స్ కూడా దీనికి లేదు.

అపోహ: ఎప్పుడంటే అప్పుడు డబ్బు తీసేసుకోవచ్చు.

నన్ను బాగా బాధపెట్టేది ఇదే, ఎందుకంటే కొన్ని యాప్‌లు ఇలా చెప్పే డబ్బు పెట్టించాయి. అవతలివాడు రెండేళ్ళకి అప్పు తీసుకుంటే మీకు రేపు ఎలా వస్తుంది చెప్పండి? ఇంకొకరు పెట్టిన డబ్బు తెచ్చి మీకిస్తేనే వస్తుంది, అందుకే 2024 ఆగస్టులో ఆర్‌బీఐ దీన్ని గట్టిగా ఆపేసింది, ఒకరి డబ్బుతో ఇంకొకరిని బయటికి పంపకూడదు, గ్యారంటీ రిటర్న్స్ అని చెప్పి అమ్మకూడదు, నష్టం వస్తే కంపెనీ భరించకూడదు, అప్పు ఇచ్చినవాళ్ళే భరించాలి అని. ఇంకా ఎవరైనా "ఫిక్స్‌డ్ 12 శాతం" అంటుంటే అక్కడ పెట్టకండి.

అపోహ: బ్యాంకు కాదుగా, అప్పు తీసుకున్నవాళ్ళు కట్టకపోయినా ఏం కాదు.

ఎవరు అప్పు సరిగ్గా కట్టారో లెక్క పెట్టే సిబిల్‌కి రిపోర్ట్ వెళ్తుంది. రేపు హోమ్ లోన్‌కి వెళ్తే అక్కడ బయటపడుతుంది.

అపోహ: జనాన్ని వేధించే లోన్ యాప్‌లూ, ఇవీ ఒకటేగా.

2020 చివర్లో తెలంగాణలో ప్రాణాలు తీసిన లోన్ యాప్‌ల వేధింపులు చూశాక ఈ భయం న్యాయమే. కానీ రెండూ ఒకటి కాదు, ఆర్‌బీఐ వెబ్‌సైట్‌లో పీటూపీ కంపెనీల లిస్టు ఉంటుంది, పేరు అందులో లేకపోతే వదిలేయండి.

పెట్టాలనే అనుకుంటే, ఒకరికి ఒకరు 50,000 దాకా ఇవ్వొచ్చని రూల్ ఉన్నా అంత ఒక్కరికే ఇవ్వకండి, చిన్న చిన్న మొత్తాలుగా చాలామందికి పంచండి. దానికన్నా ముందు ఆ కంపెనీ సైట్‌లో మొండి బాకీల లెక్క చూడండి, అది పెట్టడం వాళ్ళకి తప్పనిసరి.